చేత్తో రంగులద్దిన ఊలు: చిలప విప్పడం నుంచి శాలువా ఆరబెట్టే దాకా

చలికాలం మొదలయ్యే ముందు పాఠకులు దాదాపు ఒకే రకమైన ప్రశ్నలు పంపుతారు. అమెరికాలో ఉన్న అమ్మాయి తెచ్చిన ఖరీదైన ఊలు రెండేళ్ళుగా బీరువాలో ఉందనీ, కత్తెర పెట్టాలంటే చేయి రావడం లేదనీ కొందరు రాస్తారు. ధైర్యం చేసి అల్లినవారేమో, చిలపలో, అంటే వలయంగా చుట్టి మెలితిప్పి కట్టిన ఊలులో, నెమలికంఠంలా మెరిసిన రంగు అల్లాక మచ్చలు మచ్చలుగా ఎందుకు మారిందని అడుగుతారు. ఈ రెండు ఇబ్బందులకూ మూలం ఒకటే. చేత్తో అద్దిన ఊలు చిలపలో కనిపించినట్టు బట్టలో కనిపించదు. ఆ తేడాను ముందుగా ఒక చిన్న ముక్క మీద చూసుకుంటే భయమూ పోతుంది, మచ్చలూ తగ్గుతాయి. అందుకే 100 గ్రాముల చిలప ఒక్కటి పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా ఏం చేయాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. నిట్ కుట్టు, పర్ల్ కుట్టు వేయడం వచ్చినవారికి ఇది సరిపోతుంది. నరసాపురం లేసులాగా క్రోషా సూదితో అల్లేవారికి కూడా చిలప విప్పడం, రంగు పరీక్ష, ఉతకడం గురించిన భాగాలు యథాతథంగా పనికివస్తాయి.

చేత్తో అద్దిన ఊలు అంటే మిల్లులో వందల కిలోలు ఒకే తొట్టిలో ముంచి తీసింది కాదు. అద్దకం చేసే మనిషి కొద్దికొద్ది చిలపలను కుండలో ఉడికించో, పళ్ళెంలో పరిచి గరిటెతో రంగు పోసో, తడి ఊలు మీద పొడి చల్లో తయారుచేస్తారు. ఉరుగ్వేలో 1968లో మహిళల సహకార సంఘాలతో మొదలైన మానోస్ దెల్ ఉరుగ్వాయ్, అదే దేశంలో 2005లో మొదలైన మాలాబ్రిగో వంటి పెద్ద పేర్ల నుంచి, ఇంటి వంటగదిలో వారానికి పది చిలపలు అద్దే ఒంటరి మనుషుల దాకా ఈ పని చేసేవారు చాలామంది ఉన్నారు. ఏ చేతిలో తయారైనా, ఒకే రంగు పేరు పెట్టుకున్న రెండు చిలపలు అచ్చం ఒకేలా ఉండవు. అందులోనే దీని అందమూ ఉంది, అల్లేవారికి తలనొప్పీ ఉంది.

కావలసినవి

ఫింగరింగ్ మందంలో, అంటే సన్నని పోగుతో ఉన్న, 100 గ్రాముల ఊలు చిలప ఒకటి కావాలి. దీనిలో సుమారు 400 మీటర్ల పోగు ఉంటుంది, కచ్చితమైన కొలత చీటీ మీద ఉంటుంది. మొదటిసారికి మెరీనో అనే జాతి గొర్రెల మెత్తని ఊలు, లేదా మెరీనోలో కొంత పట్టు కలిసినది తీసుకోండి. మోహేర్ (అంగోరా మేక వెంట్రుక) కలిసిన నురుగులాంటి ఊలు జోలికి ఇప్పుడే వెళ్ళకండి, ఎందుకంటే తప్పు జరిగితే దాన్ని విప్పడం ప్రాణాంతకం.

4 మి.మీ. వృత్తాకార సూది, అంటే మధ్యలో తీగ ఉన్నది, 80 సెం.మీ. పొడవుది ఒకటి తీసుకోండి. ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. మన దేశంలో అమ్మే సూదుల ప్యాకెట్ల మీద తరచుగా పాత బ్రిటిష్ నంబర్లు ఉంటాయి, అమెరికా నుంచి వచ్చిన నమూనాల్లో అమెరికన్ నంబర్లు ఉంటాయి. బ్రిటిష్ 8 నంబరు అంటే 4 మి.మీ. కాగా, అమెరికన్ 8 నంబరు అంటే 5 మి.మీ. నంబరును నమ్మకుండా మిల్లీమీటర్లు మాత్రమే చూడండి. పట్టు కలిసిన ఊలు జారుతుంది కనుక దానికి వెదురు సూది లేదా చెక్క సూది నయం. చేతికి చెమట పట్టి ఊలు సూదికి అతుక్కుంటుంటే లోహపు సూది నయం. విజయవాడ ఎండాకాలంలో అల్లేవారికి ఈ రెండో మాట నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇవి కాక, గ్రాము దాకా చూపించే వంటింటి డిజిటల్ తూకం, టేపు, మొద్దు మొన ఉన్న పెద్ద సూది, తెల్లని నూలు గుడ్డ ముక్క, తుప్పు పట్టని గుండుసూదులు, పిల్లలు నేల మీద ఆడుకునే అతికించే ఫోమ్ పలకలు కొన్ని ఉంటే చాలు. తూకం లేకుండా మొదలుపెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. కారణం ఎనిమిదో మెట్టులో తెలుస్తుంది.

1. చీటీ చదవండి, చీటీని దాచండి

చీటీలో మూడు విషయాలు చూడాలి: ఊలులో ఏమేమి కలిసి ఉన్నాయి, ఎన్ని మీటర్లు, సూపర్‌వాష్ అని ఉందా లేదా. సూపర్‌వాష్ అంటే ఊలు పోగు పైనున్న పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని గడ్డకట్టకుండా చేసిన శుద్ధి. దీనికి రంగులు ముదురుగా, మెరుపుగా పడతాయి కనుక చేతి అద్దకంవారు ఎక్కువగా దీన్నే వాడతారు. అయితే ఇది తడిస్తే బాగా సాగుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక వదులైపోయిన స్వెట్టర్లు ఎన్నో చూశాను.

చీటీ పోయి ఉంటే ఒక చిన్న పోగును పట్టకారుతో పట్టుకుని, నీళ్ళ గిన్నె పైన కాల్చి చూడండి. ఊలైతే వెంట్రుక కాలిన వాసన వచ్చి, మంట తీసేస్తే తనంతట తానే ఆరిపోయి, వేళ్ళతో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

2. చిలపను కట్లు కోయకుండా విప్పండి

మెలితిప్పి జడలా కట్టిన చిలపనుంచి నేరుగా అల్లడానికి ప్రయత్నించకండి. మెలి విప్పగానే అది పెద్ద వలయమవుతుంది. ఆ వలయాన్ని రెండు కుర్చీల వీపులకు తగిలించి, కుర్చీలను దూరం జరిపి, బిగువుగా నిలిచేలా చేయండి. స్విఫ్ట్ అనే గొడుగులాంటి తిరిగే చట్రం ఉంటే ఇంకా మంచిది. లేకపోతే ఇంట్లో ఒకరి రెండు చేతులు చాలు.

వలయం నిలిచాక మాత్రమే కట్లు లెక్కపెట్టండి. మామూలుగా మూడు నాలుగు చోట్ల ఎనిమిది అంకె ఆకారంలో చిన్న దారాలు కట్టి ఉంటాయి. అన్నిటినీ ఒకసారి వేలితో తడిమి చూసి, తర్వాత ఒక్కొక్కటిగా కోయండి. ఊలు రెండు కొసలు కలిపి ముడివేసిన కట్టును అన్నిటికన్నా చివర విప్పండి. ఏ కొస సులువుగా, పైనుంచి వస్తుందో దానితో చుట్టడం మొదలుపెట్టండి.

నా మొదటి చిలపను మంచం మీద పడేసి, ఉత్సాహంతో నాలుగు కట్లూ ఒకేసారి కోసేశాను. అత్తయ్య పక్కన కూర్చుని, "నేతింట్లో అయితే చిలపను ఇలా ముట్టుకోనివ్వరమ్మా" అన్నారు. మూడు సాయంత్రాలు ఆమె రెండు చేతులూ చాపి కూర్చుంటే నేను చిక్కు తీశాను. ఆమె మోచేతుల కింద దిండ్లు పెట్టాల్సి వచ్చింది. చిక్కు పడితే చేయవలసింది ఒకటే: లాగకూడదు. ముడి ఉన్నచోట వేళ్ళతో గుల్లచేసి, వదులుచేసి, కొసను ఆ వదులులోంచి తీసుకోవాలి. లాగిన ప్రతిసారీ ఒక ముడి పదవుతుంది.

3. వదులుగా ఉండ చుట్టండి

ఎడమచేతి రెండు వేళ్ళను లోపల ఉంచి వాటి మీదుగా చుట్టండి. కొన్ని చుట్లకొకసారి వేళ్ళు తీసి ఉండను తిప్పి మళ్ళీ చుట్టండి. వేళ్ళు తీసిన ప్రతిసారీ ఉండ కొద్దిగా కుంగాలి. అలా కుంగకపోతే మీరు బిగించి చుడుతున్నట్టే. బిగించి చుట్టిన మెరీనో సాగిపోయి ఉంటుంది. అల్లేటప్పుడు కొలత సరిగ్గానే వచ్చినట్టుంటుంది కానీ, ఉతికాక అది తన అసలు పొడవుకు ముడుచుకుని బట్ట చిన్నదవుతుంది.

ఉండ చుడుతున్నప్పుడే ఊలు మొత్తం మీ వేళ్ళ మధ్యనుంచి వెళుతుంది. ముడులు ఉన్నాయా, పోగు సన్నబడిన చోట్లున్నాయా, రంగు ఎంత దూరానికి మారుతోంది అన్నవి అప్పుడే గమనించండి. నిజానికి ఈ ఊలుతో పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అరగంట ఇదే. చిలపలో మడతల కింద దాగిన రంగులు, దూరంగా ఒక ఎర్ర చుక్క, తర్వాత పసుపులోకి జారే ఆకుపచ్చ, ఒక్కొక్కటిగా బయటికి వస్తుంటాయి. ఆ సమయంలో టీవీ పెట్టకండి.

అల్లబోయే ముందు మాత్రమే చుట్టండి. నిలువ ఉంచదలచుకుంటే చిలపగానే ఉంచడం మంచిది.

4. రంగు దిగుతుందేమో చూడండి

ఒక జానెడు పోగు తుంచి, గోరువెచ్చని నీటిలో తడిపి, తెల్లని గుడ్డ మధ్య పెట్టి గట్టిగా నొక్కండి. గుడ్డకు ఏమీ అంటకపోతే ముందుకు వెళ్ళండి. లేతగా అంటితే అది పోగు పైన మిగిలిపోయిన అదనపు రంగు. ముదురు ఎరుపు, నీలం, నలుపుల్లో ఇది మామూలే. చిలపను మళ్ళీ వదులుగా కట్టి, చల్లని నీటిలో కొద్దిగా షాంపూ కలిపి నానబెట్టి, నీరు తేటగా వచ్చేదాకా మార్చండి.

ఎన్నిసార్లు మార్చినా రంగు దిగుతూనే ఉంటే, రంగు సరిగా ఉడకలేదని అర్థం. ఊలు మీద, పట్టు మీద వాడే ఆమ్ల రంగులు పోగును పట్టుకోవాలంటే పులుపూ వేడీ రెండూ కావాలి. చల్లని నీళ్ళలో వెనిగర్ పోసి నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెబుతారు కానీ, వేడి లేకుండా ఆ పని జరగదు. లీటరు నీటికి రెండు పెద్ద చెంచాల వెనిగర్ కలిపి, తడిసిన చిలపను అందులో మునిగేలా ఉంచి, సన్నని మంట మీద మెల్లగా వేడిచేయండి. ఆవిరి రావాలి, తెర్లకూడదు. అరగంట అలా ఉంచి, మంట తీసేసి, ఆ నీటిలోనే పూర్తిగా చల్లారనివ్వండి. గరిటెతో కలపకండి, వేడి చిలపను చన్నీళ్ళ కింద పెట్టకండి. సూపర్‌వాష్ కాని ఊలు ఈ రెండిట్లో దేనికైనా గడ్డకట్టిపోతుంది. ఇందుకు వాడిన గిన్నెను మళ్ళీ వంటకు వాడవద్దు.

ఈ చికిత్స నూలుకు పనికిరాదు. ప్రకృతి రంగులకు అసలే చేయకండి. వాటికి పులుపు తగిలినా, సబ్బులోని క్షారం తగిలినా రంగే మారిపోవచ్చు. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే ఇంట్లో పుట్టినవారికి ఈ సంగతి విడమరచి చెప్పక్కరలేదు. నీలిమందుతో అద్దిన ఊలుది మరో తీరు. అది పోగు పైపైన కూర్చునే రంగు కనుక, నీటిలో దిగకపోయినా రాపిడికి వేళ్ళకు అంటుతుంది. అల్లుతున్నంతసేపూ చూపుడువేలు నీలంగా ఉండడం దోషం కాదు. చెక్క సూదికి మాత్రం ఆ మరక శాశ్వతం, కాబట్టి లోహపు సూది వాడండి.

5. నమూనా ముక్క అల్లండి, ఉతకండి, అప్పుడు కొలవండి

అందరూ ఎగ్గొట్టే మెట్టు ఇది. 30 కుట్లు ఎక్కించి, అన్ని వరుసలూ నిట్ కుట్టుతో, అంటే గార్టర్ అల్లికలో, 12 సెం.మీ. ఎత్తు వచ్చేదాకా అల్లండి. కుట్లు జారకుండా మూసి, కొలిచి, గోరువెచ్చని నీటిలో 20 నిమిషాలు నానబెట్టి, పిండకుండా తువ్వాలులో నొక్కి, పరిచి ఆరబెట్టి, మళ్ళీ కొలవండి. రెండు కొలతలూ రాసుకోండి. మనకు కావలసింది రెండోది.

4 మి.మీ. సూది మీద ఆరిన ముక్కలో 10 సెం.మీ.కు సుమారు 20 కుట్లు రావాలి. 23 వస్తే మీ చేయి బిగుతు, 4.5 మి.మీ. సూదికి మారండి. 17 వస్తే 3.5 మి.మీ.కు దిగండి. శాలువాకు కచ్చితమైన కొలత ముఖ్యం కాదు కదా అని మీరనవచ్చు. నిజమే, అయితే ఈ ముక్కలో కొలతకన్నా రంగును చూడడం ముఖ్యం. చిలపలో సమంగా కనిపించిన మూడు రంగుల్లో ఒకటి మిగతా రెండిటినీ మింగేస్తోందా, గులాబీ పక్కన ఆకుపచ్చ పడి దూరానికి బురదరంగులా కనిపిస్తోందా అని పగటి వెలుగులో, ఆరడుగుల దూరంనుంచి చూడండి.

ఊలు వృథా అవుతుందని బెంగపడకండి. చివర్లో చాలకపోతే ఈ ముక్కను విప్పి వాడుకోవచ్చు.

6. ఊలును బట్టి అల్లికను ఎంచుకోండి

ఇక్కడ నా అభిప్రాయం కాస్త మొండిది. రంగులు ఎక్కువున్న ఊలుతో క్లిష్టమైన లేసు నమూనాలు అల్లకండి. పది రోజులు లెక్కపెట్టి అల్లిన ఆకులు, పువ్వులు ఆ రంగుల గోలలో ఎవరికీ కనపడవు. ఒకే రంగులో లేతా ముదురూ ఛాయలున్న ఊలుకు లేసు, జడ అల్లికలు అందంగా ఉంటాయి. తెల్లని నేల మీద రంగు చుక్కలు చల్లినట్టున్న ఊలుకు సాదా స్టాకినెట్, అంటే ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్, చాలు. మూడు నాలుగు రంగులు గట్టిగా మారే ఊలుకు గార్టర్, నిట్, పర్ల్ కుట్లను మార్చిమార్చి వేసే సీడ్ కుట్టు, లేదా మధ్యమధ్య కుట్టును అల్లకుండా దాటించే స్లిప్ కుట్టు అల్లికలు నప్పుతాయి. అవి రంగులను కలగలిపి, గట్టి అంచులను విరుస్తాయి.

ఒకే రంగు ఒకేచోట గుంపుకట్టే మచ్చలు, అంటే మడుగులు, ఎందుకు కడతాయో ఒక్కసారి లెక్కవేసి చూద్దాం. చిలపను పరిచి అద్దుతారు కనుక, రంగుల క్రమం చిలప చుట్టుకొలతకు ఒకసారి తిరిగి వస్తుంది. మీ చిలప చుట్టుకొలత ఒకటిన్నర మీటర్లు అనుకోండి. మన కొలతలో ఒక కుట్టు వెడల్పు 5 మి.మీ., దానికి పట్టే ఊలు ఇంచుమించు దానికి మూడింతలు, అంటే 15 మి.మీ. ఒకటిన్నర మీటర్లకు సుమారు 100 కుట్లు వస్తాయి. మీరు 50 కుట్ల వెడల్పుతో మఫ్లరు అల్లితే, వెళ్ళి వచ్చే రెండు వరుసలకు సరిగ్గా ఒక క్రమం అయిపోయి, ఎరుపు పైన ఎరుపు, నీలం పైన నీలం పడుతూ పోతుంది. అదే మచ్చ. 43 కుట్లో 57 కుట్లో వేస్తే రంగు ప్రతిసారీ పక్కకు జరిగి చెదురుతుంది. ఇప్పటికే మచ్చలు కట్టిన అల్లిక మీ చేతిలో ఉంటే, మొదట చేయవలసిన పని నాలుగైదు కుట్లు పెంచడమో తగ్గించడమో.

మనం అల్లబోయే త్రికోణపు శాలువాలో వెడల్పు ఎప్పటికప్పుడు పెరుగుతూ ఉంటుంది కనుక మడుగు ఏర్పడినా ఎక్కువసేపు నిలవదు. 50 కుట్ల దగ్గర, 100 కుట్ల దగ్గర కొద్ది వరుసలపాటు రంగులు గుంపుకట్టి, మళ్ళీ విడిపోతాయి. అక్కడ కంగారుపడి విప్పేయకండి.

7. అల్లడం

3 కుట్లు ఎక్కించండి. మొదటి వరుసలో ఒక కుట్టు నిట్ చేసి, రెండో కుట్టును ముందునుంచి ఒకసారి, సూదినుంచి దించకుండానే వెనకనుంచి ఇంకొకసారి అల్లి రెండు కుట్లుగా చేయండి. మిగిలినవన్నీ నిట్. రెండో వరుస మొత్తం నిట్. ఈ రెండు వరుసలనే చివరిదాకా మళ్ళీమళ్ళీ అల్లాలి. రెండు వరుసలకు ఒక గట్టు ఏర్పడి, ఒక కుట్టు పెరుగుతుంది. పెంపు ఉన్న వైపు ఏటవాలు అంచు, రెండో వైపు నిటారు అంచు వస్తాయి.

పెంచవలసిన వైపు ఏదో తెలిసేలా ఒక రంగు రింగు తగిలించండి. ఎక్కువమంది చేసే పొరపాటు రెండు వైపులా పెంచేయడం. ప్రతి పది గట్లకు ఒకసారి కుట్లు లెక్కపెట్టండి. ఎక్కించిన మూడుకు గట్ల సంఖ్యను కూడితే సూది మీది కుట్ల సంఖ్య రావాలి. రాకపోతే ఆ పది గట్లలోనే తప్పు ఉంది కనుక వెతకడం తేలిక.

70 కుట్లు దాటాక ఒక రక్షణ దారం వేసుకోండి. సూది మీదున్న కుట్లన్నిటిలోంచి ఒక సన్నని నునుపు దారాన్ని పెద్ద సూదితో దూర్చి వదిలేయాలి. తర్వాత తప్పు జరిగి విప్పినా అల్లిక ఆ దారం దగ్గర ఆగుతుంది. ఈ దారం తెల్లదే కావాలి. బాగా కనపడుతుందని ఎర్ర కుట్టుదారం వేసి, తడిపినప్పుడు లేత బూడిదరంగు శాలువా మధ్య గులాబీ గీత తెచ్చుకున్నదాన్ని నేను.

రెండు చిలపలతో పెద్ద శాలువా అల్లేవారు మొదటినుంచీ రెండు ఉండలనూ మార్చిమార్చి వాడాలి, రెండు వరుసలు ఒకదానితో, రెండు వరుసలు రెండోదానితో. మొదటి చిలప అయ్యాక రెండోది కలుపుదామనుకుంటే, కలిపినచోట గీత గీసినట్టు కనిపిస్తుంది. రెండు చిలపలు ఎంత దగ్గరగా ఉన్నాయో తెలియాలంటే పక్కపక్కన పెట్టి ఫోనులో ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చి చూడండి. రంగుల మాయ పోయి, ఏది ముదురో ఏది లేతో బయటపడుతుంది. ఉండ మార్చేటప్పుడు అంచు వెంట పోగును లాగి బిగించకండి, అంచు ముడుచుకుపోతుంది.

మధ్యలో ముడి వస్తే దాన్ని అలాగే అల్లేయకండి. ముడి ఉన్నచోట కోసి, కొత్త కొసతో మొదలుపెట్టి, రెండు కొసలనూ 12 సెం.మీ. చొప్పున వదలండి. అరచేతుల మధ్య తడిపి రుద్ది అతికించే పద్ధతి సూపర్‌వాష్ కాని ఊలుకే పనిచేస్తుంది. సూపర్‌వాష్‌ను ఎంత రుద్దినా అతకదు.

8. తూకం చూసి ఆపండి

త్రికోణంలో ఊలు ఖర్చు మనసుకు తోచినట్టుగా ఉండదు. 100 గ్రాములకు మొత్తం 160 కుట్లు వస్తాయనుకుంటే, 80 కుట్లకు, అంటే సగం వెడల్పుకు వచ్చేసరికి, పావు వంతు ఊలే ఖర్చవుతుంది. సగం ఊలు అయిపోయేది 113 కుట్ల దగ్గర. కాబట్టి "సగం అల్లేశాను, ఊలు చాలా మిగిలింది" అనుకుని పక్కకు ఒక అంచు డిజైను కలపాలని చూడకండి. అదే కారణంగా ఊలు రెట్టింపైతే శాలువా వెడల్పు రెట్టింపు కాదు, రెండు చిలపలకు 225 కుట్ల దగ్గర ఆగుతారు.

చివరికి వచ్చేసరికి ఒక గట్టుకు ఒక గ్రాముకు కాస్త పైన పడుతుంది. తూకం మీద ఉండ 5 గ్రాములు చూపించగానే ఆపి మూయడం మొదలుపెట్టండి. మీ చేతిని బట్టి అప్పటికి 150 నుంచి 170 కుట్ల మధ్య ఉంటాయి. ఇంకో గట్టు పడుతుందనే ఆశతో ముందుకు వెళ్ళి, మూస్తూ మూస్తూ ఇరవై కుట్ల దూరంలో ఊలు అయిపోయినవారి ఉత్తరాలు నా దగ్గర చాలా ఉన్నాయి.

మూయడానికి సాగే పద్ధతి వాడండి. రెండు కుట్లను వెనక వైపునుంచి కలిపి ఒకటిగా అల్లి, ఆ కుట్టును తిరిగి ఎడమ సూదికి ఎక్కించి, మళ్ళీ రెండిటిని కలపండి. వరుస చివరిదాకా ఇదే. మామూలుగా బిగించి మూస్తే ఆ అంచు విల్లులా వంగి, ఎంత లాగి ఆరబెట్టినా సర్దుకోదు. మూసే వరుసకు ఒక సైజు పెద్ద సూది వాడినా మంచిదే.

9. ఉతకడం, సాగదీసి ఆరబెట్టడం

సూదినుంచి దించినప్పుడు శాలువా ముడుచుకుపోయి, నలిగి, పెట్టిన డబ్బుకు తగినట్టు ఉండదు. నిరాశపడకండి. పట్టుచీరలకు వాడే కుంకుడుకాయ రసాన్ని రెండుసార్లు వడకట్టి గోరువెచ్చని నీటిలో కొద్దిగా కలపండి. లేత రంగులకు మాత్రం కుంకుడు వద్దు, కొద్దిగా గోధుమరంగు పట్టవచ్చు. వాటికి ఊలు బట్టలకోసం అమ్మే ద్రావణం వాడండి. బట్టల సోడా ఉన్న సబ్బు పొడి దేనికీ వాడకండి.

అరగంట నానాక కిందనుంచి రెండు చేతులూ పెట్టి ముద్దలా ఎత్తండి. ఒక కొస పట్టుకుని పైకి లాగితే తడి సూపర్‌వాష్ తన బరువుకే సాగి వేలాడుతుంది. పిండవద్దు, మెలితిప్పవద్దు. తువ్వాలులో చుట్టి దానిమీద మోకాళ్ళతో ఒత్తండి. తర్వాత ఫోమ్ పలకల మీద పరిచి, ముందు మూడు మూలలూ, తర్వాత అంచుల మధ్యలూ, ఆపై మిగతా అంచులూ సాగదీస్తూ గుండుసూదులు గుచ్చండి. గార్టర్ అల్లికను మరీ బిగించి లాగకండి, గట్లు చదునైపోయి మెత్తదనం పోతుంది.

ఎండలో పెట్టకండి. ఫ్యాను కింద ఒక రోజు, వానాకాలంలో రెండు రోజులు పట్టవచ్చు. తుప్పు పట్టే సూదులు వాడితే ఈ తేమలో ఒక్క రాత్రిలో మరక పడుతుంది, ఆ మరక పోదు. పూర్తిగా ఆరిందో లేదో చేతితో కాక చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. కొసలను ఆరిన తర్వాతే దాచి కత్తిరించండి. ముందే కత్తిరిస్తే సాగదీసినప్పుడు బయటికి వస్తాయి.

10. ఫలితం సరిచూసుకోవడం

సూదులు తీసి పది నిమిషాలు వదిలేయండి. అంచులు వెంటనే లోపలికి ముడుచుకుంటే తడి ఉండగా తీశారు, మళ్ళీ నీళ్ళు చిలకరించి గుచ్చండి. మూసిన అంచు ఒక్కటే ముడుచుకుంటే మూత బిగుతు. ఓపిక ఉంటే ఆ ఒక్క వరుస విప్పి మళ్ళీ మూయండి, అందుకే ఆ 5 గ్రాములు. శాలువాను కిటికీకి అడ్డంగా పట్టుకుని చూస్తే జారిపోయిన కుట్టు ఏదైనా ఉంటే వెలుతురు చుక్కలా కనిపిస్తుంది. దాన్ని వెంటనే దారంతో పట్టి కట్టాలి, లేకపోతే అక్కడినుంచి కిందిదాకా జారుతుంది. చివరగా తెల్లని గుడ్డతో ఒక మూల పొడిగా రుద్దండి. రంగు అంటితే తెల్ల జాకెట్టు మీద వేసుకునే ముందు ఇంకోసారి నానబెట్టి ఉతకండి.

కొలత చూస్తే మెడచుట్టూ ఒకసారి తిప్పి ముందు ముడి వేసుకునేంత వస్తుంది. హైదరాబాదు డిసెంబరుకు అంతే చాలు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవారు రెండు చిలపలతో మొదలుపెట్టండి.

మిగిలిన రెండు మూడు గ్రాముల ఊలును చీటీకి చుట్టి, చీటీ మీద తేదీ, సూది సైజు రాసి, ఎండిన వేపాకుతోపాటు శాలువా మడతలో కాక వేరే కవరులో దాచండి. పురుగు తొలిచిన చోట అతుకు వేయడానికి మళ్ళీ అదే రంగు ఎక్కడా దొరకదు.